ఫిరంగులు పోయాక కోటలో ఏం చూడాలి?

వాషింగ్టన్ రాష్ట్రంలో పోర్ట్ టౌన్‌సెండ్ పక్కనున్న ఫోర్ట్ వార్డెన్ పార్కు గురించి క్రితం సంచికలో ఒక చిన్న ముక్క రాశాను. సముద్రం ఒడ్డున గడ్డిదిబ్బలు, వాటి కింద మిలిటరీవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిన కాంక్రీటు బంకర్లు, ఇప్పుడు వాటిలో ఎవరైనా తిరగొచ్చు అని. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేనికీ రాలేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం బంకర్లకే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ వంతెనలూ సొరంగాలూ తనిఖీ చేసినదాన్ని. ఏ గోడ చూసినా ఇది ఏ బరువు మోయడానికి కట్టారు, నీళ్ళు ఎటునుంచి దిగుతున్నాయి అనే ముందు చూస్తాను. నా జవాబులు కూడా ఆ దారిలోనే ఉంటాయి.

ప్రశ్న: మేడమ్, మీరు రాసింది చదివి పిల్లలిద్దర్నీ తీసుకుని ఫోర్ట్ వార్డెన్ వెళ్ళాం. పెద్దవాడికి పదేళ్ళు, చిన్నదానికి ఏడు. చీకటి గదుల్లో కాసేపు పరుగులు పెట్టారు, తర్వాత ‘బోర్’ అన్నారు. నిజం చెప్పాలంటే నాకూ ఖాళీ గదులు తప్ప ఏమీ కనిపించలేదు. అక్కడ చూడాల్సింది ఏముంది? – సియాటిల్ నుంచి ఒక తల్లి

జవాబు: గదులు ఖాళీయే అమ్మా. గోడలూ కప్పూ నేలా చూడాలి.

బంకర్ అనగానే దాక్కునే గది అనుకుంటాం. అక్కడ మీరు తిరిగింది ఒక పెద్ద యంత్రం తాలూకు పెంకులో. యంత్రాన్ని ఊడదీసుకుపోయారు. కానీ అది ఎక్కడ కూర్చుందో, ఎటు తిరిగిందో, సరుకు ఎక్కడ అందుకుందో అంతా కాంక్రీటులో అచ్చుపడి ఉంది. ఈసారి వెళ్ళినప్పుడు చీకటి గదుల్లోకి ముందు వెళ్ళకండి. పైకి, ఫిరంగి ఉన్న చోటికి వెళ్ళండి. నేలమీద గుండ్రంగా, వరసగా, లావుపాటి ఇనుప బోల్టులు కనిపిస్తాయి. కొన్నిచోట్ల కోసేసి ఉంటాయి, మొదళ్ళు మాత్రమే తగులుతాయి. ఫిరంగి పీఠం కూర్చున్నది అక్కడ. పిల్లల్ని ఆ వృత్తం మధ్యలో నిలబెట్టి సముద్రం వైపు చూడమనండి. ఎదురుగా మందపాటి కాంక్రీటు గోడ, దానికి అవతల సముద్రం దాకా ఏటవాలుగా మట్టి, మట్టి మీద గడ్డి. ఓడ నుంచి వచ్చిన గుండు ఆ మట్టిలో కూరుకుపోవాలి, గోడ దాకా రాకూడదు. ఆ గడ్డికి ఇంకో పని కూడా ఉంది. పోర్ట్ టౌన్‌సెండ్ నుంచి కూప్‌విల్ వెళ్ళే ఫెర్రీ ఎక్కి, వెనక్కి తిరిగి కోట వైపు చూడండి. కొండవాలు తప్ప ఏమీ తెలియదు. శత్రువు ఓడ కెప్టెన్‌కి కూడా అంతే కనిపించాలని కట్టారు.

ఇప్పుడు పక్కగోడల్లో దిగేసిన ఇనుప రింగులు చూడండి. పది అంగుళాల ఫిరంగి గొట్టం ఒక్కటే 30 టన్నుల దాకా తూగుతుంది. దాన్ని పీఠం మీదికి చేర్చడానికి మోకులూ గిలకలూ కట్టింది ఆ రింగులకే. చాలామంది వాటిని చూసి ఖైదీల్ని కట్టేసేవాళ్ళని పిల్లలకి చెబుతుంటారు. దయచేసి అలా చెప్పకండి. అసలు సంగతి అంతకంటే చాలా బాగుంటుంది.

గోడ అంత ఎత్తుంటే ఫిరంగి ఎలా పేలుస్తారని మీ పెద్దబాబు అడగాలి. అడగకపోతే మీరే అడగండి. అక్కడున్నవాటిలో కొన్ని ‘మాయమయ్యే’ ఫిరంగులు. పేలినప్పుడు వెనక్కి తన్నే శక్తితోనే ఫిరంగి కిందికి వంగి గోడచాటుకి వచ్చేస్తుంది. అలా దిగుతూ, కింద గోతిలో వేలాడే బండెడు సీసపు బరువుని పైకి లేపుతుంది. సైనికులు గోడ చాటున, శత్రువుకి కనపడకుండా, గుండూ మందూ కూరతారు. పట్టు వదలగానే ఆ బరువు కిందికి జారి ఫిరంగిని మళ్ళీ గోడ పైకి ఎత్తుతుంది. ఏతం వేయడం చూసినవాళ్ళకి ఇది ఒక్క మాటలో అర్థమైపోతుంది. గుండ్రటి బోల్టుల మధ్య మీరు చూసిన గొయ్యి చెత్త వేసేది కాదు, ఆ బరువు దిగే చోటు.

ఇలాంటి ఫిరంగిని నిజంగా చూడాలంటే అదే ఫెర్రీ మీద అవతలి ఒడ్డుకి, ఫోర్ట్ కేసీకి వెళ్ళండి. అక్కడి బ్యాటరీ వర్త్‌లో (బ్యాటరీ అంటే కొన్ని ఫిరంగుల్ని కలిపి నిలబెట్టిన కట్టడం) పది అంగుళాల ఫిరంగులు రెండున్నాయి. ఆ కోట సొంత ఫిరంగులు ఎప్పుడో పోయాయి. ఇవి ఫిలిప్పీన్స్‌లోని సూబిక్ బే దగ్గర, ఫోర్ట్ వింట్ అనే కోటలో మిగిలిపోయినవి. 1960లలో పసిఫిక్ దాటించి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. ముందు కేసీలో ఫిరంగిని చూసి, తర్వాత వార్డెన్‌కి వస్తే ఖాళీ గోతుల్లో ఏముండేదో పిల్లలే చెప్పేస్తారు.

ఇక కిందికి దిగండి. ఇప్పుడు పిల్లలకి ఒక పని అప్పజెప్పండి: గుండు గదిలోంచి ఫిరంగి దాకా గుండు ఏ దారిన వెళ్ళిందో కనిపెట్టాలి. పది అంగుళాల గుండు దాదాపు 280 కిలోలు. చేతుల్తో ఎత్తే బరువు కాదు. కాబట్టి దారి పొడుగునా ఏదో ఒక ఏర్పాటు ఉండి తీరాలి. టార్చి కప్పు మీదికి వేయండి. కప్పుకి బిగించిన ఇనుప పట్టా, లేదా పట్టా పీకేసిన బోల్టుల వరస కనిపిస్తుంది. ఆ పట్టా మీద కప్పీ దొర్లుతుంది, దానికి వేలాడుతూ గుండు వెళుతుంది. వరస వెంబడి నడిస్తే గోడలో నిలువుగా పైకి వెళ్ళే సన్నటి బావిలాంటిది వస్తుంది. అది గుండ్లు పైకెత్తే లిఫ్టు దారి. మందు బస్తాలు ఉంచే గది వేరేగా ఉంటుంది. గుండూ మందూ ఒకే గదిలో పెట్టరు. మందు గది గోడలో గూడు లాంటి కిటికీ ఏదైనా కనిపిస్తే ఆగి చూడండి. మందు ఉన్న గదిలోకి దీపం తీసుకెళ్ళకూడదు కదా. అందుకని దీపాన్ని అవతలి నడవాలో పెట్టి, అద్దం గుండా వెలుగు మాత్రం గదిలోకి పడేలా కట్టారు. నాకు ఈ కోటలన్నిటిలోకి ఎక్కువ ఇష్టమైనది ఈ దీపపు గూడే. ఒక మనిషి కూర్చుని, గదిలో పనిచేసేవాడి ప్రాణం గురించి ఆలోచించి గీసిన గీత అది.

గోడల్లో పిడికిలి పట్టేంత గుండ్రటి రంధ్రాలూ ఉంటాయి. కొన్ని గాలి కోసం. కొన్నిటిలో మాట్లాడే గొట్టాలు ఉండేవి. పై నుంచి ఆజ్ఞ ఆ గొట్టంలో చెబితే కింద గుండు గదిలో వినిపించేది.

ఇదంతా అయ్యాక కూడా పిల్లలకి ఓపిక ఉంటే, కొండ అంచున వెడల్పాటి సన్న చీలికలాంటి కిటికీ ఉన్న చిన్న గది కోసం వెతకండి. అది పరిశీలన కేంద్రం. ఇలాంటివి తీరం వెంబడి దూరదూరంగా రెండు ఉంటాయి, వాటి మధ్య దూరం ముందే కొలిచిపెట్టి ఉంటుంది. ఓడ కనపడగానే రెండు చోట్ల నుంచీ ఒకే క్షణంలో, గంట మోగినప్పుడు, ఓడ వైపు కోణం కొలుస్తారు. ఫోనులో ఆ రెండు కోణాలూ లెక్కల గదికి చెబుతారు. అక్కడ పెద్ద బల్ల మీద త్రికోణం గీస్తే ఓడ ఎక్కడుందో తెలుస్తుంది. మళ్ళీ గంట, మళ్ళీ కోణాలు. రెండు మూడు చుక్కలు కలిపితే ఓడ ఎటు పోతోందో, గుండు గాల్లో ప్రయాణించే సేపట్లో ఎక్కడికి చేరుతుందో తెలుస్తుంది. మీ పిల్లలిద్దర్నీ బీచిలో దూరంగా నిలబెట్టి ఇద్దరి చేత ఫెర్రీ వైపు వేలు చూపించండి. కాగితం మీద ఆ రెండు గీతలూ గీయించండి. రెండూ కలిసే చోటు ఫెర్రీ. బళ్ళో త్రికోణాలు ఎందుకు చెబుతారని పెద్దవాడు మళ్ళీ అడగడు.

ప్రశ్న: మా అబ్బాయి దగ్గరికి వచ్చినప్పుడు ఈ కోటలు చూశాను. మూడు కోటలు, కొండల్ని తవ్వి ఇంత కాంక్రీటు పోసి, శత్రువు మీద ఒక్క గుండు కూడా పేల్చకుండా వదిలేశారట. ఎందుకు కట్టినట్టు, ఎందుకు వదిలేసినట్టు? – ఒక రిటైర్డు సోషల్ మాస్టారు

జవాబు: మాస్టారూ, మీకు తేదీలతోనే చెప్పాలి. 1885లో ప్రెసిడెంట్ క్లీవ్‌లాండ్ తన యుద్ధశాఖ కార్యదర్శి ఎండికాట్ అధ్యక్షతన ఒక బోర్డు వేశారు. అప్పటికి యూరప్ నౌకాదళాలు ఉక్కు కవచాల ఓడలు దించుతున్నాయి. అమెరికా తీరంలో ఉన్నవి పాత రాతికోటలూ ఇటుక కోటలూ. తీరమంతా కొత్త కోటలు కావాలని 1886లో బోర్డు నివేదిక ఇచ్చింది. ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలోకి రావాలంటే పెద్ద ఓడలు అడ్మిరల్టీ ఇన్‌లెట్ అనే నీటిదారి దాటాలి. లోపల బ్రెమర్టన్‌లో నేవీ యార్డు ఉంది. అందుకని ఇన్‌లెట్‌కి చుట్టూ వార్డెన్, ఫ్లాగ్లర్, కేసీ అని మూడు కోటలు 1890ల చివర నుంచి కట్టుకుంటూ వచ్చారు. మూడింటి ఫిరంగుల మధ్య చిక్కిన ఓడ తప్పించుకోలేదని దీనికి ‘నిప్పుల త్రికోణం’ అని పేరొచ్చింది.

కాంక్రీటు ఇంకా కొత్తగా ఉండగానే, 1903 డిసెంబరులో రైట్ సోదరులు విమానం ఎగరేశారు. సముద్రం వైపు నుంచి చూస్తే కనపడని కోట, ఆకాశంలోంచి చూస్తే పూర్తిగా తెరిచి ఉంది. ఫిరంగి ఉన్న గొయ్యికి పైకప్పు లేదు మరి. ఇంకోపక్క యుద్ధనౌకల ఫిరంగులు ఎక్కువ కోణంలో పైకి లేచి, ఎక్కువ దూరం కొట్టడం మొదలుపెట్టాయి. మాయమయ్యే ఫిరంగిని ఆ ఏర్పాటు వల్లే అంత కోణానికి ఎత్తడం కుదరదు. దాని ప్రత్యేకతే దానికి హద్దు అయింది. మొదటి ప్రపంచయుద్ధం వచ్చేసరికి ఇక్కడి ఫిరంగుల్ని చాలావాటిని యూరప్ రంగం కోసమని ఊడదీశారు. మీరు చూసిన ఖాళీ గోతుల్లో కొన్ని అప్పటినుంచీ ఖాళీయే.

రెండో ప్రపంచయుద్ధంలో కట్టినవాటికీ వీటికీ తేడా చూడాలంటే దగ్గర్లోనే ఫోర్ట్ ఎబీ ఉంది. 1942 నాటిది. అక్కడ రెండు ఫిరంగుల మధ్య గదులన్నీ మట్టి కప్పి దిబ్బ కింద దాచేశారు. నలభై ఏళ్ళలో విమానం నేర్పిన పాఠం అది.

ఒక్క గుండూ పేల్చలేదన్నారు. పేల్చగలిగి కూడా పేల్చని రాత్రి ఒకటుంది, ఈ మూడు కోటల్లో కాదు, దక్షిణాన ఆరెగన్‌లో కొలంబియా నది ముఖద్వారం దగ్గరున్న ఫోర్ట్ స్టీవెన్స్‌లో. 1942 జూన్ 21 రాత్రి జపాన్ జలాంతర్గామి ఐ-25 పైకి తేలి కోట మీద 17 గుండ్లు పేల్చింది. కోటలో బ్యాటరీ రసెల్ అనే ఫిరంగి కేంద్రంలో మనుషులు సిద్ధంగా ఉన్నారు. తిరిగి కొట్టడానికి కమాండర్ అనుమతి ఇవ్వలేదు. కొడితే ఫిరంగుల మెరుపుతో కోట ఎక్కడుందో బయటపడుతుంది. పైగా జలాంతర్గామి తమ గుండ్లకి అందనంత దూరంలో ఉందని లెక్క వచ్చింది. దాని గుండ్లు బేస్‌బాల్ మైదానంలోనూ ఇసకలోనూ పడ్డాయి. ఎవరూ చనిపోలేదు. ఆ కోట కూడా ఇప్పుడు స్టేట్ పార్కే. బ్యాటరీ రసెల్ మీద నిలబడి సముద్రం వైపు చూస్తూ ఆ చీకట్లో ‘కాల్చొద్దు’ అన్న మాట విని ఆగిన కుర్రాళ్ళ గురించి ఆలోచించండి. పేల్చడం కంటే అది కష్టమైన పని అని నా నమ్మకం.

ఫోర్ట్ వార్డెన్‌ని సైన్యం 1953లో వదిలేసింది. 1957లో రాష్ట్రం కొని కొన్నేళ్ళు బాలనేరస్థుల కేంద్రం నడిపింది. 1973లో పార్కుగా తెరిచారు. దండగ ఖర్చు అని మీరు ఉత్తరం చివర రాశారు. నేను ఒప్పుకోను. వాడే అవసరం రాకుండా పాతబడిన ఆయుధం కంటే మంచి ఆయుధం నాకు తెలియదు మాస్టారూ. ఇంజినీర్లుగా మేం కట్టేవాటిలో సగం, ఎన్నడూ రాకూడదనుకునే రోజు కోసమే కడతాం.

ప్రశ్న: ఫ్రెండ్స్‌తో బంకర్లకి వెళ్ళినప్పుడు వెల్డింగ్ చేసి మూసేసిన ఇనుప తలుపు ఒకటి చూశాం. పక్కన మనిషి పట్టేంత సందు ఉంది. లోపల ఎవరూ చూడని గదులుంటాయి కదా ఆంటీ, ఫోన్ లైటుతో వెళ్ళొస్తే తప్పేంటి? – ఒక కాలేజీ విద్యార్థి

జవాబు: వెళ్ళకు బాబూ. రూల్ కాబట్టి అని చెప్పి ఊరుకుంటే నువ్వు వినవని తెలుసు. కారణాలు చెబుతాను.

మూసి ఉన్న గదిలో ఇనుము తుప్పు పట్టడం అంటే ఆ ఇనుము గాలిలోని ఆక్సిజన్‌ని తీసుకోవడమే. గాలి ఆడని చోట, తడి గోడల మధ్య, కొన్ని దశాబ్దాలుగా ఆ పని జరుగుతూ ఉంటే లోపల ఆక్సిజన్ ఎంత మిగిలి ఉంటుందో బయటనుంచి ఎవరూ చెప్పలేరు. దానికి వాసన ఉండదు. దగ్గు రాదు. ఊపిరాడనట్టు కూడా అనిపించకుండానే మనిషి కూలిపోతాడు. వెంటనే ఫ్రెండు లోపలికి పరిగెత్తుతాడు, వాడూ పడిపోతాడు. ఓడల్లో, ట్యాంకుల్లో, మ్యాన్‌హోళ్ళలో జోడీగా మనుషులు పోయేది ఇలాగే. మా వృత్తిలో మూసిన గదిలోకి గాలి కొలిచే మీటరు లేకుండా ఎవర్నీ దిగనివ్వం, ఎంత పెద్ద అధికారి అయినా సరే.

రెండోది నేల. ఇందాక చెప్పానే, బరువు దిగే గొయ్యి, గుండ్లు ఎత్తే బావి. తెరిచి ఉంచిన భాగాల్లో వాటిమీద మూతలు వేసో, పూడ్చో ఉంచుతారు. మూసేసిన భాగంలో ఆ పని చేసి ఉంటారని నమ్మడానికి లేదు. గొయ్యి నిండా నీళ్ళుంటే ఫోన్ లైటులో అది తడి నేలలాగే కనిపిస్తుంది.

మూడోది గబ్బిలాలు. చలికాలం అవి ఇలాంటి చోట్ల నిద్రలో ఉంటాయి. ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే వసంతం దాకా గడపాలి. మనిషి అలికిడికి లేచిన ప్రతిసారీ ఆ కొవ్వు కొంత ఖర్చయిపోతుంది. మళ్ళీ నింపుకోవడానికి అప్పుడు పురుగులుండవు. దానికి తోడు ‘వైట్ నోస్ సిండ్రోమ్’ అనే శిలీంధ్రపు జబ్బు. న్యూయార్క్ రాష్ట్రంలో 2006లో మొదట బయటపడి తూర్పున లక్షల గబ్బిలాల్ని చంపింది. 2016 మార్చిలో ఇక్కడే, నార్త్ బెండ్ దగ్గర కాలిబాటలో నడుస్తున్నవాళ్ళకి ఆ జబ్బుతో ఉన్న గబ్బిలం దొరికింది. ఆ శిలీంధ్రం బూట్ల మట్టితో కూడా ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళుతుంది. కొన్ని తలుపులు వాటికోసమే మూస్తారు. తెరిచి ఉన్న బంకర్లకి వెళ్ళినా, ఇంకో చోటికి పోయేముందు బూట్లు శుభ్రంగా కడుక్కో.

ఎవరూ చూడనివి చూడాలనే కోరిక మంచిదే. దాన్ని వదులుకోమనను. పార్కువాళ్ళ దగ్గర పని చేసే వాలంటీర్లు ఉంటారు, చరిత్ర చెప్పడానికి, గడ్డి తీయడానికి, పాత తలుపులకి రంగు వేయడానికి. వాళ్ళతో చేరు. తాళం చెవి ఉన్నవాళ్ళ వెనకాల వెళ్ళేటప్పుడు చూసేవి చాలా ఎక్కువ ఉంటాయి.

ప్రశ్న: కప్పుకి తెల్లగా, స్ట్రాల్లా సన్నగా వేలాడుతున్నాయి. ఏమిటవి? కప్పు కూలిపోతుందని సూచనా? – బెల్‌వ్యూ నుంచి

జవాబు: అది సున్నం. వాన నీళ్ళు పైమట్టిలోంచి కాంక్రీటులోకి దిగి, సిమెంటులోని కాల్షియం హైడ్రాక్సైడ్‌ని కరిగించుకుని కప్పు దగ్గర బొట్టుగా ఆగుతాయి. బొట్టు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటుంది, చుట్టూ కాల్షియం కార్బొనేట్ వలయంగా గట్టిపడుతుంది. వలయం మీద వలయం చేరి గొట్టం అవుతుంది. గుహల్లో వేల ఏళ్ళు పట్టే పని కాంక్రీటు కింద చాలా త్వరగా జరుగుతుంది, ఎందుకంటే కాంక్రీటులోని ఈ పదార్థం సున్నపురాయి కంటే తేలిగ్గా కరుగుతుంది. ముట్టుకుంటే పుటుక్కున విరుగుతాయి, ముట్టుకోకండి. ఆ బొట్టు కంట్లో పడితే మండుతుంది కూడా.

ఒక్క తెలుపు చూసి భయపడక్కర్లేదు. నీళ్ళు దిగుతున్నాయని మాత్రమే దాని అర్థం. తేమ ఈ కోటల్లో మొదటినుంచీ ఉన్న తలనొప్పి. మందు తడిసిపోకుండా జంట గోడలు కట్టి మధ్యలో గాలి ఆడనిచ్చేవాళ్ళు. మీరు చూడాల్సింది ఎర్రరంగు. కప్పులో ఉక్కు దూలాలు ఉన్నచోట తుప్పు చారలు కారుతూ, కాంక్రీటు పొట్టలా ఉబ్బి, చుట్టూ పగులు కనిపిస్తే దాని కింద నిలబడకండి. తుప్పు పట్టిన ఉక్కు అసలు ఉక్కు కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఆ ఒత్తిడికి కాంక్రీటు పెళ్ళలుగా ఊడి పడుతుంది. నేలమీద ఇప్పటికే పెళ్ళలు పడి ఉంటే ఇంకా చెప్పేదేముంది.

ప్రశ్న: మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. బంకర్ గుమ్మం దాకా వస్తుంది, లోపల మాట మోగితే దెయ్యమని వెనక్కి పరిగెడుతుంది. బలవంతం చేయాలా, వదిలేయాలా?

జవాబు: బలవంతం వద్దమ్మా. ఆ మోతనే ఆటగా మార్చండి. పాప బయటే నిలబడి చప్పట్లు కొడుతుంది, మీరు లోపలి గదిలో నిలబడి ఎన్ని సెకన్లు మోగిందో లెక్కపెట్టి చెప్పండి. తర్వాత ఇంకో గదికి వెళ్ళండి. గట్టి గోడలు శబ్దాన్ని మింగవు, వెనక్కి కొడుతూనే ఉంటాయి. పెద్ద గదిలో ఎక్కువసేపు, చిన్న గదిలో తక్కువసేపు. ఏ గది పెద్దదో చూడకుండానే చెప్పొచ్చని తెలిశాక తనే లోపలికి వస్తుందని నా ఆశ.

ఫోర్ట్ వార్డెన్‌లోనే భూమి కింద ఒక నీళ్ళ తొట్టి ఉందని చెప్పండి. అందులో 20 లక్షల గ్యాలన్లు, అంటే 75 లక్షల లీటర్ల నీళ్ళు పట్టేవి. మంటలు ఆర్పడానికి కట్టారు. నీళ్ళు తీసేశాక అందులో చేసిన శబ్దం 45 సెకన్ల దాకా మోగుతూనే ఉంటుంది. 1988లో పాలిన్ ఒలివెరోస్ మరో ఇద్దరు సంగీతకారులతో అందులోకి దిగి, ఆ మోతనే నాలుగో వాద్యంగా చేసుకుని వాయించి రికార్డు చేశారు. తొట్టిలోకి అందర్నీ దిగనివ్వరు. రికార్డింగు మాత్రం ఇంట్లో లైట్లు వేసుకునే వినిపించొచ్చు. దెయ్యం గొంతు ఎంత అందంగా ఉంటుందో పాపకి తెలుస్తుంది.

ఇంకొక మాట. టార్చి పాప చేతికే ఇవ్వండి. మీ దగ్గర వేరేది ఉంచుకోండి.

ప్రశ్న: బంకర్ పక్కన వాన కోతకి మట్టి కొట్టుకుపోయిన చోట తుప్పు పట్టిన ఇనుప గుండు లాంటిది కనిపించింది. ఇంటికి తెచ్చుకోవచ్చా?

జవాబు: తేకండి, కాలితో కూడా తగలకండి. ఫిరంగుల అభ్యాసం జరిగిన నేల అది. పాత మందుగుండు ఎన్నేళ్ళయినా పేలొచ్చు, పైపెచ్చు పాతబడేకొద్దీ దాని తీరు ఊహించలేం. వచ్చిన దారినే వెనక్కి రండి, చోటు గుర్తుపెట్టుకోండి, పార్కు రేంజర్‌కి లేదా 911కి ఫోన్ చేయండి. అది ఉత్త ఇనుప ముక్కే అయినా పార్కులోని పాత వస్తువు ఇంటికి తెచ్చుకునేది కాదు. గోడ మీదున్న ఒక బోల్టు పీకితే, పైన నేను చెప్పిన గుండు దారి చూసే ఇంకో పిల్లాడికి ఆ వరస అక్కడ తెగిపోతుంది.

ప్రశ్న: మాది శాన్‌ఫ్రాన్సిస్కో వైపు. మాకు దగ్గర్లో ఏమైనా ఉన్నాయా?

జవాబు: మీకున్నన్ని ఎవరికీ లేవు. గోల్డెన్ గేట్ వంతెన ఉత్తరపు కొసన అందరూ ఫొటోలు తీసుకునే కొండ మీదే బ్యాటరీ స్పెన్సర్ ఉంది. వంతెన ఫొటో తీసుకున్నాక వెనక్కి తిరిగి ఒకసారి గోడలు కూడా చూడండి. అక్కడినుంచి మారిన్ హెడ్‌లాండ్స్‌లో బ్యాటరీ టౌన్‌స్లీకి వెళ్ళండి. 16 అంగుళాల ఫిరంగుల కోసం కొండలోపల కట్టింది, ఒక్కో గుండు దాదాపు 950 కిలోలు. 2012లో అక్కడికి తెచ్చి పెట్టిన గొట్టం ఒకప్పుడు మిస్సోరి యుద్ధనౌక మీదిది. జపాన్ లొంగిపోతూ 1945లో సంతకాలు చేసిన ఓడ అదే. లోపలి గదులు వాలంటీర్లు కొన్ని రోజుల్లోనే తెరుస్తారు, ముందే కనుక్కుని వెళ్ళండి. గాలి చాలా చల్లగా ఉంటుంది, జాకెట్ మరచిపోవద్దు.

ప్రశ్న: నేను ఎనిమిదో తరగతి. స్కూలు ప్రాజెక్టుకి ఒక బంకర్ ప్లాన్ గీయాలనుకుంటున్నాను. ఎలా మొదలుపెట్టాలి మేడమ్?

జవాబు: శభాష్. ముందు నీ అడుగు పొడవు కొలుచుకో. ఇంటి దగ్గర టేపు పరిచి పది అడుగులు మామూలుగా నడిచి, వచ్చినదాన్ని పదితో భాగించు. బంకర్‌లో టేపు పట్టుకోవడానికి రెండో మనిషి లేనప్పుడు అదే నీ కొలబద్ద. పెద్దవాళ్ళు ఒకరు తోడు ఉండాలి, ఇది మాత్రం తప్పదు. చదరాల కాగితం మీద ముందు బయటి గోడ గీయి, తర్వాత గుమ్మాలు, ఆ తర్వాత గదులు. గోడ మందం గుమ్మం దగ్గరే తెలుస్తుంది, అక్కడ కొలువు. సముద్రం వైపు గోడా వెనకవైపు గోడా వేర్వేరుగా కొలవాలి. రెంటికీ తేడా ఎందుకుందో నీ ప్రాజెక్టులో ఒక పేరా రాయొచ్చు. కప్పు పట్టాలు చుక్కల గీతతోనూ, నేలలోని బోల్టులు చిన్న సున్నాలతోనూ చూపించు. ఎందుకున్నాయో తెలియని రంధ్రాలకి ప్రశ్నార్థకం పెట్టు, వదిలేయకు.

అంతా అయ్యాకే అసలు ప్లాన్ వెతుకు. కోట కట్టడం పూర్తయ్యాక ప్రతి బ్యాటరీకీ సైన్యం ఒక నివేదిక రాసుకునేది, ప్లాన్‌తో, కొలతలతో సహా. అవి నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. లైబ్రేరియన్‌ని అడిగితే దారి చూపిస్తారు. ముందే చూస్తే నీ కళ్ళు దాన్నే వెతుకుతాయి. గీశాక చూస్తే, నువ్వు గీసిన గోడ అందులో లేకపోతే అది తర్వాత కట్టింది అని పట్టుకుంటావు. గీసింది ఫొటో తీసి ఈ పత్రిక చిరునామాకి పంపు. ప్రశ్నార్థకాలు పెట్టిన చోట్ల ఏముండేదో నాకు తెలిసినంతవరకు రాస్తాను.